హన్నమ్మ చారల గంప

ఆత్మకూరు బస్టాండు పక్కన కోళ్ళ గంపలు దించే చోట హన్నమ్మ ముప్పై ఏళ్ళు కూర్చుంది. ఉదయగిరి కొండ కింది పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి నాటుకోళ్ళు కొనేది. వాటిని గంపకెత్తి పొద్దున్నే మొదటి బస్సు మీద వేయించేది. ఆత్మకూరులో దించి సాయంత్రానికి గంప ఖాళీ చేసుకుని ఇంటికి పోయేది. చదివింది రెండో తరగతి. అదీ మిషన్ బళ్ళో, బైబిల్లో కీర్తనలు కూడబలుక్కుని చదవడానికి సరిపడా. కానీ కోడి విషయంలో ఆమె మాటకు ఎదురు లేదు. "హన్నమ్మ చేతి కోడి" అంటే బేరం సగం అయినట్టే.

ఆ పేరు ఊరికే రాలేదు. కొనేవాళ్ళు కోడిని ఎత్తి బరువు చూస్తారు, కాళ్ళు చూస్తారు, జుట్టు ఎరుపు చూస్తారు. కన్ను మాత్రం ఎవరికీ అంతుపట్టదు. కోళ్ళకు అమ్మవారు పోసి తగ్గాక ఒక్కోసారి కన్ను పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల చూపు ఉండదు. హన్నమ్మకు దాన్ని కనిపెట్టే కిటుకు ఆమె అత్త నేర్పింది. పాత గుడ్డపేలిక ఒకటి కోడి ఒక కంటికి అడ్డంగా చుట్టి, ఒళ్ళు రెండు చేతులతో పట్టుకుని, అటూ ఇటూ, పైకీ కిందికీ కదిపేది. ఒళ్ళు ఎటు పోయినా కోడి తల మాత్రం గాల్లో మేకు కొట్టినట్టు ఉన్నచోటే నిలిచేది.

"చూసినావా? లోకాన్ని కంటితో పట్టుకోనుండాది. అందుకే తల కదలదు. చూపు సూది మాదిరి ఉండాది" అనేది. జనం నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు. కోడి చేతులు మారేది.

1993లో చలి మొదలైన రోజుల్లో ఈ కిటుకుకు కాలం చెల్లింది.

సంగం దగ్గర కాలవ కింద వ్యవసాయం చేసుకునే కోటేశ్వర్ అనే రైతు, వారం కిందట కొనుక్కుపోయిన డేగ పుంజును చంకలో పెట్టుకుని వచ్చాడు. వస్తూనే బస్టాండు అదిరేట్టు అరిచాడు.

"హన్నమ్మా, ఏంది నువ్వు చేసిన పని? గుడ్డి పుంజును నాకు అంటగట్టినావే!"

"గుడ్డిదా! మా అత్త కాలం నుంచి మా గంపలో గుడ్డి కోడి పోలేదబ్బయ్యా. మీ కల్లంలో దుమ్ము పడుంటాది దాని కంట్లో."

"దుమ్ము పడింది నా కళ్ళల్లో! లేకుంటే నీ మాట నమ్ముతానా?"

చుట్టూ చేరినవాళ్ళు పక్కున నవ్వారు. హన్నమ్మకు రోషం వచ్చింది. పుంజును లాక్కుని ఎడమ కంటికి పేలిక చుట్టి, ఒంటిని అటూ ఇటూ కదిపింది. తల ఉన్నచోటే నిలిచింది.

"ఇప్పుడేమంటావు?"

కోటేశ్వర్ తన చూపుడువేలు తెచ్చి పుంజు కుడి కంటి ముందు, రెప్పకు తగిలేంత దగ్గరగా ఆడించాడు. పుంజు రెప్ప వేయలేదు. మెడ వెనక్కి తీయలేదు. ఆ వేలు దానికి లేనే లేదు.

హన్నమ్మ చేతుల్లోనే రెండు సాక్ష్యాలు. తల నిలవడం చూస్తే చూపు ఉంది. వేలు చూస్తే చూపు లేదు. ఏది అబద్ధం? గుంపులో ఎవరో "పశువులాసుపత్రి ఆ వీధిలోనే ఉండాది గదా, ఈడ గొంతులు చించుకోవడం దేనికి" అన్నారు. ఇద్దరూ పుంజును తీసుకుని పోయారు.

పశువుల డాక్టరు జనార్దనయ్య రిటైరవడానికి రెండేళ్ళున్న మనిషి. సన్నగా, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులతో ఉండేవాడు. ఇద్దరి గోలా విని, పుంజు రెండు కళ్ళకూ బ్యాండేజీ గుడ్డ చుట్టాడు. చీకట్లో పడిన పుంజు గమ్మున ఉండిపోయింది. "ఇప్పుడు కదుపు హన్నమ్మా" అన్నాడు.

కదిపింది. రెండు కళ్ళూ మూసి ఉన్నా తల ఉన్నచోటే నిలిచింది.

హన్నమ్మ కదపడం ఆపింది. "మరి ముప్పై ఏళ్ళు నేను చూసిందేంది సార్?"

"చెవి."

"చెవా?"

"చెవి లోపల నీళ్ళు నిండిన సన్న గొట్టాలుంటాయి. ఒళ్ళు కదిలితే ఆ నీళ్ళు కదులుతాయి. 'ఒళ్ళు కుడికి పోయింది, తలను ఎడమకు పట్టుకో' అని మెదడు మెడకు చెప్తుంది. దానికి కన్నుతో పనిలేదు. ఇన్నాళ్ళూ నువ్వు కోళ్ళకు చెవులు చూసి, కళ్ళు బాగున్నాయని అమ్మినావు."

కోటేశ్వర్ నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ముప్పై ఏళ్ళలో ఎన్ని ఒంటికంటి కోళ్ళు తన మాట మీద అమ్ముడుపోయాయో అన్న లెక్క ఆమె ముఖంలో కనపడింది. తప్పు తేలాక దాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దే విద్య పెద్ద చదువుల్లో బాగా వస్తుంది. రెండో తరగతిలో రాదు.

"తప్పు నాదే అబ్బయ్యా. ఈ పుంజును నాకిచ్చేయి. ఇంకోటి ఇస్తాను. కళ్ళు చూసే ఇస్తాను" అని కోటేశ్వర్‌తో చెప్పి, డాక్టరు వైపు తిరిగింది. "సరే సార్. చెవి చూడకుండా కన్ను చూసేదెట్ట?"

జనార్దనయ్యకు ఆ ప్రశ్న వేసినవాళ్ళు చాలా ఏళ్ళుగా ఎవరూ లేరు. కుర్చీలో ముందుకు జరిగాడు. "కోడిని కదపబాకు. ఒళ్ళు కదలకుండా పెట్టి, దాని చుట్టూ ఉన్న లోకాన్ని కదుపు" అన్నాడు. తాను కాలేజీలో చదివేటప్పుడు పావురాన్ని ఒక డ్రమ్ము మధ్యలో కూర్చోబెట్టేవాళ్ళమనీ, డ్రమ్ము లోపల నలుపూ తెలుపూ చారలుండేవనీ, దాన్ని మెల్లగా తిప్పుతుంటే పావురం తల చారల వెంట మెల్లగా పోయి, పోయి, చటుక్కున వెనక్కి వచ్చి, మళ్ళీ పోయేదనీ చెప్పాడు. చూపుంటే తల పోతుంది. లేకుంటే పోదు.

ఇంటికి వచ్చి హన్నమ్మ ఈ సంగతి మొగుడు ఓబయ్యకు చెప్పింది. ఓబయ్య కూలి పనులు లేని రోజుల్లో గంపలు అల్లేవాడు. భార్య మాటకు ముందు నవ్వడం, తరువాత ఆ పని చేసిపెట్టడం అతని అలవాటు.

"ఏంమే, కోళ్ళకు రంగులరాట్నం కట్టమంటావా?"

"నువ్వు కట్టు. ఎక్కేది నువ్వు కాదు గదా."

పాత గంప ఒకటి తీసి అడుగు ఊడగొట్టాడు. లోపలంతా తెల్ల కాగితం అంటించాడు. దాని మీద హన్నమ్మ దీపం మసి నూనెలో కలిపి, వేలెడు వెడల్పున నిలువు చారలు గీసింది. పందిరి వాసానికి మూడు తాళ్ళతో వేలాడదీశారు. మధ్యలో స్టూలు వేసి, దాని మీద ఒంటికన్ను పుంజును ఒళ్ళంతా గుడ్డలో చుట్టి తల ఒక్కటే బయటికి ఉంచి కూర్చోబెట్టారు. దాని మంచి కన్నుకు, అంటే ఎడమ కంటికి, పేలిక చుట్టి ఓబయ్య గంప తిప్పాడు. పుంజు తల కదల్లేదు. పేలిక తీసి తిప్పాడు. తల చారల వెంట మెల్లగా పోయింది, చటుక్కున వెనక్కి వచ్చింది, మళ్ళీ పోయింది.

"అబ్బ! దీన్ని ఎవురో లోపల దారం కట్టి లాగతా ఉండారు" అన్నాడు ఓబయ్య.

అంతా బాగానే ఉంది. కానీ పురితిరిగిన తాడు విప్పుకుంటూ గంప ఎదురు తిరగడం మొదలుపెట్టేసరికి పుంజు తల ఆగిపోయింది. అదే కన్ను, అవే చారలు. ఒకవైపు తిప్పితే చూపున్న కోడి, రెండోవైపు తిప్పితే గుడ్డి కోడి. హన్నమ్మ పదిసార్లు తిప్పించింది. ఎడమ కంటికి గంప ఎడమ నుంచి కుడికి తిరిగితేనే తల పోతోంది. ఇంకో నాలుగు కోళ్ళను, ఒక్కో కన్నే మూసి, కూర్చోబెట్టి చూసింది. ఎడమ కంటితో అన్నీ ఇదే వరస. కుడి కంటికి మాత్రం గంప కుడి నుంచి ఎడమకు తిరగాలి. అంటే ఏ కంటికైనా చారలు వెనక నుంచి ముక్కువైపు రావాలి. ముక్కువైపు నుంచి వెనక్కి పోతే ఆ కన్ను పట్టించుకోదు.

మరుసటి రోజు గంప దించగానే ఆమె డాక్టరు దగ్గరికి పోయింది. జనార్దనయ్య విని చాలాసేపు నవ్వాడు. అందులో ఎగతాళి లేదు.

"నేను రెండేళ్ళు డ్రమ్ము తిప్పి తెలుసుకున్నది నువ్వు ఒక సాయంత్రం తెలుసుకున్నావు. కోడి మెదడు ఎంత? కుంకుడుకాయంత. అందులో ఈ పనికని నువ్వుగింజలంత చోట్లు రెండున్నాయి. ఒకటి కాస్త పైన, ఒకటి అడుగున. పైదానికి వెనక నుంచి ముందుకొచ్చే కదలిక కావాలి. అడుగుదానికి పైకీ కిందికీ పోయేవీ, వెనక్కి పోయేవీ కావాలి. ఒకటి తోలితే ఇంకోటి పట్టి ఆపుతుంది. ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకుంటాయి."

"నేనూ మా ఓబయ్య మాదిరి."

"అట్టే అనుకో. కోడి చూడాలనుకుని చూడటం కాదిది. మనకు తుమ్ము వచ్చినట్టు దానికదే వస్తుంది."

"మరి వెనక్కి పోయే చారలంటే దానికెందుకు అలక?"

"బస్సులో కిటికీ దగ్గర కూర్చుంటావు గదా, చెట్లు ఎటు పోతాయి?"

"వెనక్కి."

"కోడి ముందుకు నడిచేటప్పుడు దానికీ అంతే. వెనక్కి పోయే ప్రతి చెట్టు వెంటా తల పోతా ఉంటే గింజ ఏరుకునేదెప్పుడు? అందుకని ఆ పక్క పట్టు సడలి ఉంటుందని కొందరు అంటారు. నిజమేందో కోడికే తెలియాలి."

కోటేశ్వర్‌కు ఇచ్చిన రెండో పుంజు ఆ చారల గంపలో రెండు కళ్ళకూ పరీక్ష నెగ్గి పోయింది. ఆ తరువాత హన్నమ్మ గంపకెత్తే ప్రతి కోడినీ ముందు చారల గంప కింద పెట్టి చూసేది. ఒంటికన్ను పుంజు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. "అమ్మడానికి నీకు నోరు రాదు. గుడ్డిదాన్ని దేవుడికి కానుక ఇయ్యకూడదని బైబిలు వాక్యంలో ఉండాది. కోద్దామంటే నీకు మనసు రాదు. ఇది మనకన్నా సుఖంగా బతకతా ఉండాదిమే" అని ఓబయ్య దెప్పేవాడు.

మరుసటి ఏడు ఎండలు ముదిరే ముందు వాళ్ళ కూతురు రూబీ పుట్టింట్లో ఆడబిడ్డను కన్నది. అల్లుడు కొండాపురంలో టీచరు. బిడ్డకు పది వారాలు నిండాయనగా అల్లుడి తల్లి లిదియమ్మ మనవరాలిని చూడటానికి వచ్చింది. ఉన్నమాట ముఖం మీద అనేసే మనిషి. బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని ముఖం ముందు చెయ్యి ఆడించింది. బిడ్డ పందిరి ఆకుల వైపు చూస్తూ ఉండిపోయింది. ఇంకోసారి ఆడించింది. అంతే.

"వదినా, ఒక మాట చెప్తాను, మనసులో పెట్టుకోబాక. ఈ బిడ్డకు చూపు లేదు."

"పది వారాల పసిగుడ్డు వదినా. నువ్వు చెయ్యి ఆడిస్తే దండం పెట్టాల్నా?"

"నా ముగ్గురు బిడ్డలూ ఈ వయసుకు నన్ను చూసి నవ్వినారు."

గుమ్మంలో నిలబడిన రూబీ అక్కడే కూలబడింది. "నేనూ చూస్తానే ఉండాను మా. పాలు తాగేటప్పుడు నా మొహం చూడదు. నీకు చెప్పలేకపోయినాను" అంది.

శనివారం అల్లుడు వచ్చి నెల్లూరు కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలని అనుకున్నారు. లిదియమ్మ అందాకా ఉండిపోయింది. శనివారానికి ఇంకా మూడు రోజులు. రూబీ ఆ పూట అన్నం ముట్టలేదు. మరునాడు పొద్దున కూడా ముట్టలేదు. పాలు తగ్గి బిడ్డ ఏడుస్తోంది. హన్నమ్మ కూతురిని చూసింది, పందిరికి వేలాడుతున్న చారల గంపను చూసింది.

"ఏమయ్యా, గంప మనిషి మెడ ఎత్తుకు లేపి కట్టు."

ఓబయ్య ఈసారి నవ్వలేదు. "పసిబిడ్డను కోళ్ళ గంప కింద పెడతావా?"

"కోడికి అబద్ధం చెప్పనిది బిడ్డకు చెప్తాదా? కట్టు."

రూబీ నిలబడి, ఒక చెయ్యి బిడ్డ చంకల కింద, ఒక చెయ్యి మెడ వెనక పెట్టి, తల గంపలోకి వచ్చేట్టు ఎత్తి పట్టుకుంది. గంపకు పైన మూత లేదు కాబట్టి లోపల వెలుతురు బాగా ఉంది. హన్నమ్మ కింద గొంతుక్కూర్చుని బిడ్డ ముఖంలోకి చూసింది. "మెల్లగా" అంది. ఓబయ్య ఎడమ నుంచి కుడికి తిప్పాడు.

కోడికి తల పోతుంది. బిడ్డకు తల పోలేదు. నల్లగుడ్లు పోయాయి. చారల వెంట మెల్లగా పోయి, చటుక్కున వెనక్కి వచ్చి, మళ్ళీ మెల్లగా పోయాయి.

"స్తోత్రం తండ్రీ!" హన్నమ్మ కేక పెట్టింది. "చూస్తా ఉండాదే! రూబీ, నీ బిడ్డ చూస్తా ఉండాదే!"

లిదియమ్మ కూడా వంగి చూసింది. ఆమెకూ కనపడింది. అయినా ఆమె లిదియమ్మ. "ఒక కంటితోనే చూస్తా ఉండాదేమో వదినా. నువ్వు సంగం ఆయనకు అమ్మిన పుంజు మాదిరి" అంది.

ఆ మాట హన్నమ్మకు తగలాల్సిన చోటే తగిలింది. కానీ అందులో న్యాయం ఉంది. మెత్తటి గుడ్డ మడిచి బిడ్డ కుడి కంటి మీద పెట్టి నాడాతో వదులుగా కట్టింది. ఓబయ్య గంప తిప్పాడు. ఎడమ కన్ను చారల వెంట పోయింది, వచ్చింది, పోయింది. తరువాత గుడ్డ మార్చి ఎడమ కంటి మీద కట్టింది. ఓబయ్య తిప్పాడు.

కుడి కన్ను కదల్లేదు.

"ఇంకోసారి." ఓబయ్య ఇంకోసారి తిప్పాడు. కన్ను రాయిలా ఉంది. "ఇంకోసారి." అంతే. రూబీ బిడ్డను గంపలోంచి కిందికి దించేసింది. "చాలు మా, చాలు. నాకింక చూపించబాక" అని ఏడ్చింది.

హన్నమ్మ లేవబోయి నేల మీద చెయ్యి ఆనించింది. అప్పుడు పందిరి గుంజ దగ్గర గింజలు ఏరుకుంటున్న ఒంటికన్ను పుంజు, ఏడుపు విని, చూపున్న ఎడమ పక్క ఇటు తిప్పి ఆమె వైపు చూసింది. ఎడమ కన్ను. ఎడమ నుంచి కుడికి. ఓబయ్య చేతికి అలవాటైన తిప్పుడు అదే, ఆ పుంజు కంటి కోసం నేర్చుకున్నదే. భయంలో ఇద్దరూ ఆ ముక్క మరిచిపోయారు.

"ఎదురు తిప్పు!" అని అరిచింది.

"ఏందీ?"

"గంప ఎదురు తిప్పయ్యా! కుడి కంటికి కుడి నుంచి రావాల చార! రూబీ, బిడ్డను ఎత్తు. ఒక్కసారి ఎత్తు తల్లీ."

రూబీ ఏడుస్తూనే ఎత్తింది. ఓబయ్య కుడి నుంచి ఎడమకు తిప్పాడు. ఒక చార పోయింది. రెండో చార పోయింది. మూడో చార వెంట బిడ్డ కుడి కన్ను బయలుదేరింది. ముక్కువైపు మెల్లగా వచ్చి, చటుక్కున వెనక్కి పోయి, మళ్ళీ వచ్చింది. ఓబయ్య ఆపమన్నా ఆపలేదు. గంప తిప్పుతూనే ఉన్నాడు, కన్నీళ్ళు గడ్డంలోకి పోతున్నా తుడుచుకోలేదు.

శనివారం నెల్లూరులో డాక్టరమ్మ రెండు కళ్ళూ చూసి, లోపమేమీ లేదనీ, కొందరు పిల్లలు మనుషుల ముఖాలు పట్టించుకోవడానికి కాస్త ఆలస్యం చేస్తారనీ చెప్పింది. ఈ కబురు చెప్పడానికి హన్నమ్మ రెండు కోడిగుడ్లు కొంగున కట్టుకుని జనార్దనయ్య దగ్గరికి పోయింది. ఆయన గుడ్లు తీసుకున్నాడు. మూడు నెలల లోపు మనిషిబిడ్డ కళ్ళూ ఈ విషయంలో కోడి కళ్ళలాగే ఉంటాయని తాను ఎక్కడో చదివినట్టు చెప్పాడు. "తరువాత మనిషికి రెండో వైపు కూడా వస్తుంది. కోడి కోడిగానే ఉంటుంది" అన్నాడు.

"కోడిగానే ఉండనీ సార్. నాకు అదే మేలు చేసింది. మీరు చేసినారు, అది చేసింది."

బిడ్డకు నాలుగో నెల వచ్చాక చర్చి సంఘంలో బిడ్డను దేవుడికి ప్రతిష్ఠ చేయించి, కోడలినీ మనవరాలినీ కొండాపురం తీసుకుపోవడానికి లిదియమ్మ వచ్చింది. వియ్యపురాలు వస్తే కోడి కోయకపోవడం ఈ పల్లెల్లో తలవంపులు. ఆ రోజు హన్నమ్మ తెచ్చిన కోళ్ళన్నీ ఆత్మకూరులో అమ్ముడుపోయాయి. ఇంట్లో మిగిలింది ఒంటికన్ను పుంజే. ఓబయ్య ముఖం తిప్పుకుని, చూపు లేని కుడివైపు నుంచి దాని వెనక నడిచాడు. కష్టపడకుండానే చేతికి చిక్కింది. హన్నమ్మ పొయ్యి దగ్గర కూర్చుని వెనక్కి తిరగలేదు.

"ఏందన్నా అది?" అంది లిదియమ్మ.

"కూరకు చెల్లెమ్మా."

"వదిలిపెట్టు దాన్ని."

"ఇంట్లో ఇంకోటి లేదు..."

"లేకుంటే లేదు. నేను ఆ రోజు ఈ పుంజు పేరెత్తి మీ ఆడమనిషిని దెప్పినాను. అది నోరులేని జీవి, మనసులో పెట్టుకోలేదు. నా మనవరాలి కన్ను చూపించింది. దాన్ని తిని నేను యాడికి పోవాల? వదినా, పప్పుచారు కాయి. అప్పడాలుంటే కాల్చు."

హన్నమ్మ అప్పుడు తిరిగి చూసింది. ఓబయ్య వంగి పుంజును నేల మీద దించాడు. అది రెక్కలు ఒకసారి దులుపుకుని, తనకేమీ జరగనట్టే గింజల దగ్గరికి పోయింది.

పప్పుచారు ముందు పెట్టుకుని లిదియమ్మే ప్రార్థన చేసింది. బిడ్డ కోసం, కొడుకూ కోడలి కోసం, కోళ్ళమ్ముకుని బతికే ఈ ఇంటి కోసం, పేరు తెలియని ఆత్మకూరు పశువుల డాక్టరు కోసం. చివర్లో కాస్త ఆగి, "నోరులేని జీవుల చేత కూడా మాకు దారి చూపిస్తివి తండ్రీ, నీకు స్తోత్రం" అంది. ఓబయ్య అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నాడు.

రూబీ ఒళ్ళో బిడ్డ అప్పుడు తల్లి ముఖం చూడటం లేదు. పందిరి కింద నడుస్తున్న పుంజు ఎర్రతోక ఎటు పోతే అటు, బిడ్డ రెండు కళ్ళూ పోతున్నాయి. ఆకులో అన్నం చల్లారిపోతున్నా హన్నమ్మ ముద్ద ఎత్తకుండా ఆ కళ్ళనే చూస్తూ కూర్చుంది.